పసుపు రాసిన నంబరు

ఇప్పుడు మీరు చదవబోయేది ఒక వీరగాథ. ఇందులో తెల్లవారకముందే కదిలిన సైన్యం ఉంది. నీటి మీద వంతెన ఉంది, ఊపిరి తీసే ఎత్తులున్నాయి, ఒక పందెం ఉంది, సాక్షాత్తూ దైవం జోక్యం చేసుకున్న ఘట్టం కూడా ఉంది. చివర్లో ఒక స్త్రీ తనకు రావలసినదాని కోసం నిండు సభలో నిలబడుతుంది.

సైన్యం అంటే ఆదివారం సెలవున్న సాఫ్ట్‌వేర్ వాళ్ళు. వంతెన అంటే కేబుల్ బ్రిడ్జి. ఎత్తులంటే ఫ్లైఓవర్లు. నిండు సభ అంటే కోకాపేటలో మా అక్క వాళ్ళ డైనింగ్ టేబులు, దాని మీద ఉప్మా. మొత్తం దూరం పది కిలోమీటర్లు. అందులో నేను పరుగెత్తింది ఎంత, నడిచింది ఎంత అన్నది మా కుటుంబంలో ఇప్పటికీ తేలలేదు. కాబట్టి వీరగాథ అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. మా అక్క మొదటిసారి ఒక పరుగు పందేనికి పేరిచ్చిన సంగతి ఇది, అంతే.

మాది శంకర్‌పల్లి వైపు. ఊళ్ళో మా వంశంలో ఎవరూ కారణం లేకుండా పరుగెత్తిన దాఖలా లేదు. బస్సు కోసమో, తప్పించుకున్న బర్రె కోసమో తప్ప. అక్కకు అనంతపురం వాళ్ళతో పెళ్ళయింది. ఇద్దరూ సాఫ్ట్‌వేరే. కోకాపేటలో ఒక టవర్లో, మబ్బులకు కాస్త కింద, కాకులకు బాగా పైన కాపురం. పెద్దది ఒకటో తరగతి, చిన్నోడికి రెండేళ్ళు. బావ వాళ్ళమ్మ, నాకు కూడా అత్తమ్మే, వాళ్ళతోనే ఉంటుంది. నేను నిజాంపేటలో హాస్టల్లో ఉంటూ, గచ్చిబౌలిలో ఒక ఆఫీసులో, ఇతరులు చేసిన తప్పులకు ఇంకెవరికో క్షమాపణ చెప్పే ఉద్యోగం చేస్తాను. ఆదివారం భోజనానికి మాత్రం అక్క వాళ్ళింటికి వెళ్తాను.

అక్క వాళ్ళ టవర్లో పార్కింగు కప్పు మీద మట్టి పోసి, గడ్డి పెంచి, దానికి తోట అని పేరు పెట్టారు. దాని చుట్టూ ఎర్ర రబ్బరు దారి వేశారు. సాయంత్రం పూట ఆ దారిలో అంకుల్స్ నలుగురేసి పక్కపక్కన నడుస్తూ మోకిలలో ప్లాట్ల గజం రేటు మాట్లాడుకుంటారు. వాళ్ళను దాటాలంటే గడ్డిలోకి దిగాలి, గడ్డిలోకి దిగితే సెక్యూరిటీ ఈల వేస్తాడు. అక్క పరుగు మొదలుపెట్టింది అక్కడే. బరువు తగ్గడానికి అనుకున్నాం. కొన్ని నెలలైనా బరువు తగ్గలేదు. అయినా ఆమె ఆపలేదు. అప్పుడే మాకు అనుమానం రావలసింది.

ఒకసారి అడిగాను, ఎందుకే ఈ తిప్పలు అని.

"గా అర్ధగంట నన్ను ఎవ్వలూ మమ్మీ అని పిలువరు తమ్మీ. గంతే" అంది.

నేను నవ్వబోయి ఆగాను. ఎందుకంటే ఆ ఇంట్లో అక్క స్నానానికి వెళ్ళినా చిన్నోడు బయట కూర్చుని తలుపు కిందనుంచి నాలుగు వేళ్ళు లోపలికి పెట్టి ఉంచుతాడని నాకు తెలుసు. ఏడవడు, అల్లరి చెయ్యడు. వేళ్ళు మాత్రం అక్కడ ఉంటాయి, సంతకంలాగా.

ఆ అరగంట కూడా నిలకడగా దొరికేది కాదు. సాయంత్రాలను అమెరికా వాళ్ళ కాల్స్ మింగేసేవి. పొద్దున్నే స్కూలు బస్సు. శనివారం పెద్దదాని ఈత క్లాసు. మిగిలింది ఆదివారం పొద్దున. అది బావ నిద్రపోయే పూట. వారమంతా కష్టపడ్డవాడికి అది రాజ్యాంగం ఇచ్చిన హక్కని ఆయన ఉద్దేశం. అక్క కూడా వారమంతా కష్టపడుతుంది కదా అన్న సందేహం రాజ్యాంగంలో ఎక్కడా రాలేదు. ఆమె బూట్లు తొడుక్కుంటున్న చప్పుడుకు చిన్నోడు లేచేవాడు, వాడి ఏడుపుకు బావ లేచేవాడు. అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు, పిల్లవాడి వెనక తిరగలేదు. అక్క మళ్ళీ బూట్లు విప్పేసేది.

ఒక ఆదివారం భోజనాల దగ్గర అక్క ప్రకటించింది. మాదాపూర్‌లో మొదలయ్యే ఒక పరుగు పందెం ఉందని, పది కిలోమీటర్ల దానికి పేరిస్తున్నానని. రెండుసార్లు తల్లినవుతున్నానని చెప్పినప్పుడు వాడిన గొంతే వాడింది. అందుకే ముందు అత్తమ్మ కంగారుపడి చెయ్యి కడుక్కుంది.

విషయం తెలిశాక నింపాదిగా అడిగింది. "నిన్ను ఎవరు తరుముతాండారు పాపా?"

"ఎవ్వలూ తరుమత లేరు అత్తమ్మా."

"మల్ల డబ్బులు కట్టి పరిగెత్తేది ఎందుకు?"

ఈ ప్రశ్నకు ప్రపంచంలో ఇంతవరకూ ఎవరూ సరైన జవాబు చెప్పలేదు. అక్క బావ వైపు తిరిగి అసలు సంగతి చెప్పింది. ఈ రేసు పూర్తి చేస్తే ఇకనుంచి ప్రతి ఆదివారం పొద్దున పిల్లలు బావ బాధ్యత. ఆమె ఎక్కడికి పోయిందీ, ఎందుకు పోయిందీ అడగకూడదు.

మా బావ గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. చెడ్డవాడు కాడు. ఆయన ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇతరులు అయిపోయిందని చెప్పిన పని నిజంగా అయిపోయిందా అని చూడడం. పదేళ్ళుగా అదే పని కావడంతో ఆయనకు మనిషి మాట మీద నమ్మకం పోయి, స్క్రీన్‌షాట్ మీద మిగిలింది. పెద్దది పుట్టినప్పుడు నర్సు పాపను తెచ్చి చేతిలో పెడితే, ముఖం చూడకముందు చేతికున్న పట్టీ తిప్పి ఫైల్లో నంబరుతో సరిచూసుకున్నాడు. తర్వాతే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అలాంటి మనిషి.

బావ ఆలోచించి ఒప్పుకున్నాడు. నిర్వాహకులు పెట్టిన గడువు రెండు గంటలు. ఆ లోపల పూర్తి చెయ్యాలి. చేసినట్టు అధికారిక ఫలితం చూపించాలి. చూపిస్తే ఆదివారాలు ఆమెవి. లేకపోతే ఈ పరుగు సంగతి ఇంట్లో మళ్ళీ ఎత్తకూడదు.

"సరే, ఎత్త" అంది అక్క. పట్టు చీరలు బేరమాడేటప్పుడు కూడా ఆమె అంత తొందరగా ఒప్పుకోవడం నేను చూడలేదు. తర్వాత నా వైపు చూడకుండానే, "తోడు వీడొస్తడు" అంది. నేనప్పుడు మూడో గారె నములుతున్నాను. నోరు ఖాళీ లేకపోవడం అంగీకారంగా నమోదైంది.

తర్వాతి రెండు నెలల్లో మేము తెలుసుకున్నది ఏమిటంటే, రేసుకు పేరిచ్చామని చెప్పగానే మన చుట్టూ ఉన్న ప్రతి మనిషీ కోచ్ అవుతాడు. మా ఆఫీసులో కుర్చీ లోంచి లేవడానికి మేనేజర్ అనుమతి అడిగే ఒకాయన నాకు మడమ ఎలా నేలకు తాకాలో మీటింగు రూములో చేసి చూపించాడు. బీట్‌రూట్ రసం తాగమన్నారు. అరటిపండు తినమన్నారు, తినొద్దన్నారు. రేసు ముందురోజు పిండిపదార్థాలు బాగా తినాలని అందరూ ఏకగ్రీవంగా చెప్పారు. ఆ ఒక్క సలహా నాకు బాగా నచ్చింది. మా తాతల కాలం నుంచీ మేము మూడు పూటలా అదే చేస్తున్నాం, రేసు మాత్రమే రాలేదు.

నా సాధన నిజాంపేటలో జరిగింది. మా హాస్టల్ సందులో నడిచేవాళ్ళను కుక్కలు పట్టించుకోవు, పరుగెత్తేవాళ్ళను మాత్రం వాటికి సంబంధించిన విషయంగా భావిస్తాయి. రెండో రోజు ఒకటి సందు చివరిదాకా నాతో వచ్చింది. నా జీవితంలో అత్యంత వేగం అదే. మూడో రోజు నుంచి విశ్రాంతి కూడా సాధనలో భాగమేనన్న సిద్ధాంతంలోకి దిగాను.

అక్క మాత్రం నిజంగానే సాధన చేసింది. కాల్ ఆగిన సందుల్లో, చిన్నోడు పడుకున్న సందుల్లో, అంకుల్స్ గజం రేట్ల మధ్య సందుల్లో. ఒక బుధవారం వానలో కూడా దిగిందట. పైన బాల్కనీలోంచి చూస్తూ అత్తమ్మ, "పిచ్చి పట్టినట్టుండాది" అని పొరుగావిడకు చెప్పిందట. కానీ చెబుతూ లోపలికి పోలేదట, ఆమె ఆగేవరకూ చూస్తూనే ఉందట. ఇది పొరుగావిడ అక్కకు చెప్పింది.

రేసుకు ముందు శనివారం నేనే మాదాపూర్ వెళ్ళి ఇద్దరి నంబర్లూ తెచ్చాను. ఛాతీ మీద పిన్నులతో గుచ్చుకునే పెద్ద నంబరు కాగితం అది, బిబ్ అంటారు. ఒక కవరులో పెట్టిచ్చారు. కవరు మీద సన్న అక్షరాల్లో ఇంగ్లీషులో ఏవో సూచనలున్నాయి. మా వృత్తిలో ఉన్నవాళ్ళు సూచనలు చదవరు. ఏదైనా పాడయ్యాక, ఎవరైనా చదివారా అని ఒకరినొకరు అడుగుతారు. అక్క కవరు కోకాపేటలో ఇచ్చి, నాది బ్యాగులో వేసుకుని హాస్టల్‌కు పోయాను. ఆ రాత్రి నా నంబరు మీద చట్నీ డబ్బా పెట్టుకుని దోసె తిన్నాను. దానికి జరిగిన పూజ అదొక్కటే.

అక్క నంబరుకు అసలు పూజే జరిగింది. ఆ సాయంత్రం చిన్నోడికి అన్నం పెట్టి వచ్చేసరికి కవరు కనిపించలేదట. వెతుకుతూ పోతే పూజ గదిలో దొరికింది. అత్తమ్మ నంబరు కాగితాన్ని వేంకటేశ్వరస్వామి పటానికి ఆనించి నిలబెట్టి, దీపం పెట్టి, నాలుగు మూలలా పసుపు రాసింది. పైన మధ్యలో, నంబరుకు తగలకుండా చిన్న కుంకుమ బొట్టు కూడా.

"పెండ్లిపత్రికకు పెట్టమా? దీనికెందుకు పెట్టకూడదు. ఇంటి కోడలు పొద్దున్నే గడప దాటి పోతాంది, ఉత్త కాయితంతో పంపిస్తామా" అందట.

అక్క ఆ రాత్రి నాకు ఫోన్ చేసి ఈ సంగతి మొదటినుంచీ రెండుసార్లు చెప్పింది. అత్తమ్మ రెండు నెలలూ పరుగు గురించి ఒక్క మంచి మాట అనలేదు మరి. నేను కూడా కాస్త కదిలాను. పక్క మంచం అతను లైటు ఆర్పమనడంతో అక్కడితో ఆగాను.

ఆదివారం ఇంకా చీకటి ఉండగానే మాదాపూర్ చేరాం. ఆ వేళప్పుడు అక్కడ అంతమంది మనుషులు మెలకువగా ఉండడమే వింత. వేదిక మీద ఒకతను మైకు పట్టుకుని, హైదరాబాద్ సిద్ధమేనా అని అడుగుతున్నాడు. ఎవరూ జవాబు చెప్పకపోయినా మళ్ళీ మళ్ళీ అడిగాడు. పాటలు పెట్టి అందరితో డాన్సు చేయించారు. పరుగు కోసం దాచుకున్న శక్తిలో సగం నాకు అక్కడే అయిపోయింది. అక్క డాన్సు చెయ్యలేదు. ఛాతీ మీద పసుపు మూలల నంబరు సర్దుకుంటూ నిలబడింది. చుట్టూ వాళ్ళు చూస్తున్నారు. ఒకమ్మాయి వచ్చి, ఈ పసుపు గుర్తులు ప్రత్యేక విభాగమా, ఎక్కడ రిజిస్టర్ చేసుకోవాలని అడిగింది. మా అత్తమ్మ దగ్గర అని చెప్పాను.

పరుగు మొదలైంది. హైటెక్ సిటీలో సమతలం అనేది బిల్డర్ల బ్రోచర్లలో మాత్రమే ఉంటుంది. రోజూ కారులోనో బండి మీదో పోయేవాళ్ళకు ఆ సంగతి తెలియదు. కాళ్ళకు తెలుసు. మొదటి ఫ్లైఓవర్ మొదట్లో అక్క నా పక్కనే ఉంది. చివర్లో లేదు. ముందుకు పోయింది. ఆగమని అరుద్దామనుకున్నాను, కానీ అరవడానికి ఊపిరి కావాలి.

తర్వాత నా ప్రయాణం ఎక్కువగా నడకగా సాగింది. కేబుల్ బ్రిడ్జి మీద సగం సైన్యం ఆగి సెల్ఫీలు దిగుతోంది. ఒకాయన సూర్యోదయాన్ని వెనక పెట్టుకుని పరుగెత్తుతున్నట్టు ఫోటో దిగుతున్నాడు. నిలబడే. కాలు గాల్లో ఉంచలేక మిత్రుడి భుజం పట్టుకున్నాడు. మా ఆఫీసు ముందు నుంచి వెళ్తున్నప్పుడు నా చెయ్యి దానంతటదే మెడలో ఐడీ కార్డు కోసం వెతికింది. రోజూ కార్డు చూపించందే లోపలికి రానివ్వని సెక్యూరిటీ అన్న గేటు బయట నిలబడి అందరికీ చప్పట్లు కొడుతున్నాడు. నన్ను చూసి మాత్రం కొట్టడం ఆపి, "ఏంది సార్, ఆదివారం గూడ రమ్మన్నరా" అన్నాడు. చివరి రెండు కిలోమీటర్లు నా వెనకాల అంబులెన్సు నెమ్మదిగా వచ్చింది. పందెంలో అందరికన్నా వెనకబడ్డవాళ్ళను అది అనుసరిస్తుందట. దాని డ్రైవరు కిటికీ దించి ఎక్కుతారా అని మర్యాదగా రెండుసార్లు అడిగాడు. గడువు ఇంకా పది నిమిషాలుందనగా నేను గీత దాటాను. దాటాను అనడం కన్నా, గీత దగ్గర పడబోతే అవతలి వైపు పడ్డాను అనడం సబబు.

అక్క అక్కడ గడ్డిలో కూర్చుని ఉంది. మెడలో మెడల్, చేతిలో ఇడ్లీ ప్లేటు. ఎప్పుడు వచ్చావంటే, చాలాసేపైందంది. ముఖం చూశాను. ఆ ముఖం నేను ఆమెకు ఇంటర్ రిజల్ట్ వచ్చినప్పుడు చూశాను, మళ్ళీ ఇప్పుడే.

"మధ్యల ఒక్కసారి గూడ ఆగలేదు తమ్మీ" అంది.

నేను చాలాసార్లు ఆగానని, ఇద్దరి తరఫునా ఆగానని చెప్పాను.

కోకాపేటకు తిరిగి వస్తుండగా క్యాబ్‌లో నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. అభినందనలు, మీరు పది కిలోమీటర్లు పూర్తి చేశారు, ఇదీ మీ సమయం, ఇదీ మీ స్థానం అని. స్థానం సంఖ్య పెద్దది కాబట్టి ఇక్కడ రాయడం లేదు. అక్క ఫోన్‌కు ఏదీ రాలేదు. వస్తుందిలే అనుకున్నాం. ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు దారిలోకి తిరిగేసరికి అక్క ఫోన్‌ను చేతిలోంచి ఒళ్ళోకి, ఒళ్ళోంచి చేతిలోకి మారుస్తూ ఉంది. లిఫ్టులో కూడా చూసింది.

ఇంట్లో బావ లేచి ఉన్నాడు. చిన్నోడు ఆయన చంకలో. ఇద్దరి జుట్టూ ఒకే దిక్కుకు నిలబడి ఉంది. ఉప్మా టేబుల్ మీద పెట్టి బావ ల్యాప్‌టాప్ తెరిచాడు. రేసు వాళ్ళ వెబ్‌సైట్లో అక్క నంబరు కొట్టాడు. పేరు వచ్చింది, వయసు విభాగం వచ్చింది. ఫలితం ఉండాల్సిన చోట, పరుగు ప్రారంభించలేదు అని ఉంది.

పూర్తి చెయ్యలేదు అని కాదు. ప్రారంభించనే లేదు అని.

అక్క ఆ ముక్కను రెండుసార్లు చదివింది. తర్వాత తన కాళ్ళ వైపు చూసుకుంది. మడమ దగ్గర సాక్సు రక్తంతో అతుక్కుపోయి ఉంది. నంబరు తప్పు కొట్టావేమో చూడమంది. బావ మళ్ళీ కొట్టాడు. నా నంబరు కొట్టాడు, నాది వచ్చింది. ప్రపంచానికి తెలిసినంతవరకూ ఆ కుటుంబంలో పరుగెత్తినవాణ్ణి నేనొక్కణ్ణే.

విచారణ మొదలైంది. అక్క మెడల్ తీసి టేబుల్ మీద పెట్టింది. బావ దాన్ని తిప్పి చూశాడు, దాని మీద పేరు లేదు. మెడల్స్ అట్టపెట్టెల్లో పెట్టి చేతికందినవాళ్ళకు ఇస్తారు కదా అని నన్ను అడిగాడు. ఇస్తారు. ఒకాయన మా కళ్ళముందే తన పాప కోసమని రెండోది తీసుకున్నాడు. నిజం చెప్పకుండా ఉండవలసింది, కానీ ఉప్మా వేడిగా ఉండి ఆలోచించలేకపోయాను.

"తను గీత దాటడం నువ్వు చూసినావా?" అన్నాడు బావ.

"నేను దాటింది నేనే సూడలే బావా. కండ్లు మసకలొచ్చినయి."

"ఫోటోలు?"

అక్క తన ఫోన్ నా బ్యాగులో పెట్టి పరుగెత్తింది. నిర్వాహకుల ఫోటోల్లో వెతికితే ఆమె నంబరుతో ఒకటి దొరికింది, కేబుల్ బ్రిడ్జి మీద. అందులో అక్క ముఖం ఉండవలసిన చోట ఒక సెల్ఫీ కర్ర, దాని చివర ఎవరిదో పెద్ద నవ్వు ఉంది. అయినా బ్రిడ్జి సగం దారి మాత్రమే. బావ స్వరంలో జాలి ఉంది, అది ఇంకా చిరాకు తెప్పించింది. తనకు నమ్మకం ఉందన్నాడు. కానీ ఒప్పందం నమ్మకం గురించి కాదు కదా అన్నాడు.

అక్క గాజు గిన్నెలోంచి చిన్నోడికి ఉప్మా ఊది పెడుతోంది. రెండు నెలల పరుగు, అందులో ప్రతి అరగంటా ఎక్కడెక్కడినుంచో దొంగిలించినది, ఆ ఊపిరిలో పోతున్నట్టుంది. నాకు జోకు తట్టలేదు. అది నాకు అరుదు.

బావ మాత్రం ఆగలేదు. తప్పు ఎక్కడ జరిగిందో తెలియకపోతే ఆయనకు అన్నం సయించదు. ఇద్దరి నంబర్లూ అడిగి పక్కపక్కన పెట్టాడు. ముందు వైపు తేడా ఏం లేదు, నాదానికి చట్నీ, అక్కదానికి పసుపు. వెనక్కి తిప్పాడు. నాదాని వెనక అంగుళం వెడల్పున నల్లటి స్పాంజి పట్టీ అతికించి ఉంది. అక్కదాని వెనక జిగురు మరక మాత్రమే ఉంది.

అప్పుడు కవరు మీద సన్న అక్షరాలు మొదటిసారి చదివాం. ఆ స్పాంజిలో ఒక చిప్ ఉంటుందట. రేసు మొదట్లో, చివర్లో నేల మీద పరిచిన పట్టాలను దాటినప్పుడు మనిషిని గుర్తుపట్టేది అదేనట. దయచేసి తొలగించవద్దు, అని ఉంది.

"దీని వెనకాల ఉన్నిది ఏమైందమ్మా?" అన్నాడు బావ.

అత్తమ్మ పొంగనాల పిండి కలుపుతూ తల తిప్పింది. "అదా. ఏందో స్పాంజి ముక్క అతికించినారు, ప్యాకింగు ఏమో. దాంతో పటం ముందర సరిగ్గా నిలబడలేదు. ఊడబెరికినా."

"పారేసినావా?"

"పారేస్తానా. మెత్తగా బాగుండాది. దేవుని పీట ఊగుతాంటే కాలి కింద పెట్టినా."

అందరం పూజ గదికి పోయాం. పీట ముందు కాలు కింద, రెండుగా మడిచి, నల్లటి స్పాంజి ఉంది. పీట ఏమాత్రం ఊగడం లేదు. అంటే పది కిలోమీటర్లు మా అక్క పరుగెత్తినంతసేపూ, సిస్టమ్ దృష్టిలో మా అక్క అయిన వస్తువు వేంకటేశ్వరస్వామి పాదాల దగ్గర కదలకుండా కూర్చుంది. పరుగు ప్రారంభించలేదు అన్నది అక్షరాలా నిజం.

బావ దాన్ని లాగాడు. పీట ఒరిగింది, పటం ఒక పక్కకు జారింది. అత్తమ్మ ముందు దాన్ని ఉన్నచోట పెట్టమని కేకేసింది. పెట్టాక విషయం అడిగింది. బావ చెప్పాడు. ఈ ముక్క గీత దాటితేనే మనిషి దాటినట్టు లెక్క అని.

అత్తమ్మ అక్క వైపు చూసింది, ఆ సాక్సు వైపు చూసింది. "తెలియక తీసినా పాపా" అంది మెల్లగా. తర్వాత కొడుకు వైపు తిరిగింది. ఆ గొంతు మెల్లగా లేదు.

"మనిషి పోయి వచ్చింది. నీ ఎదురుగా నిలబడుండాది. ఈమెను ఇంట్లో కూర్చోబెట్టి, ఆ ముక్కను ఆటోలో తిప్పుకొని వచ్చుంటే ఒప్పుకుంటావా?"

బావ నిజాయితీపరుడు కాబట్టి తడుముకున్నాడు. సిస్టమ్ ప్రకారం అయితే ఒప్పుకోవలసి వస్తుందన్నాడు. అది విన్నాక ఆయనకే తన మాట నచ్చలేదని ముఖంలో తెలిసింది. కానీ పదేళ్ళ వృత్తి ఒక్క పొద్దుటితో పోదు. కొలిచే పరికరం చెడిపోతే, ఆ పరీక్ష గెలిచినట్టూ కాదు, ఓడినట్టూ కాదు, మళ్ళీ చెయ్యాలి అన్నాడు. ఈసారి చిప్‌తో సహా.

నేను అక్క వైపు చూశాను. ఏడుస్తుందనుకున్నాను, లేకపోతే గిన్నె విసురుతుందనుకున్నాను. అక్క కుర్చీలో కూర్చుని ఉప్మా తన ప్లేటులో వడ్డించుకుంది.

"సరే. మల్ల ఉరుకుత. గప్పటిదాంక ప్రాక్టీసు ఎప్పుడు చెయ్యాలె?"

"ఎప్పుడైనా చెయ్."

"ఎప్పుడైనా అంటే ఎప్పుడు. నువ్వే చెప్పు."

బావ చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన దేన్నైనా పద్ధతిగా చేస్తాడు. వారపు రోజుల్లో పొద్దున స్కూలు బస్సు, కుదరదు. సాయంత్రం ఆమె కాల్స్, కుదరదు. ఎనిమిది తర్వాత చిన్నోడి నిద్ర, కుదరదు. శనివారం ఈత. ఒక్కొక్కటీ తనే పెట్టి, తనే కొట్టేస్తూ వచ్చాడు. ఎటు పోతున్నాడో గదిలో ఆయనకు తప్ప అందరికీ తెలుస్తోంది. చిన్నోడు కూడా నమలడం ఆపాడు.

"ఆదివారం పొద్దున" అన్నాడు చివరికి. అని ఆగాడు.

"ఆదివారం పొద్దున నీకేం పనుండాది?" అంది అత్తమ్మ.

"నిద్ర" అన్నాడు బావ. ఆ మాట ఆ టేబుల్ మీద చాలా చిన్నగా వినిపించింది.

గెలిస్తే ఆదివారాలు వస్తాయని అక్క పరుగెత్తింది. గెలవనందుకు వచ్చాయి. బావ మాత్రం ఒక షరతు స్పష్టంగా పెట్టాడు. ఈ ఏర్పాటు తర్వాతి రేసు దాకా మాత్రమే. అది పూర్తి చేసి ఫలితం చూపించాకే శాశ్వతం సంగతి. అక్క మారు మాట లేకుండా ఒప్పుకుంది. ఏ రేసుకు, ఎప్పుడు పేరిస్తుందన్నది ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇది జరిగి చాలా నెలలైంది. ఆమె ఇంకా సరైన రేసు కోసం చూస్తోంది. తొందరపడి పేరివ్వడం మంచిది కాదంటుంది. ఈలోగా ప్రతి ఆదివారం తెల్లవారుజామున వెళ్తుంది. బావ చిన్నోణ్ణి ఎత్తుకుని బాల్కనీలోంచి చూస్తుంటాడు, ఇద్దరి జుట్టూ ఒకే దిక్కుకు నిలబడి ఉంటుంది.

ఆరోజు మాత్రం ఒప్పందం కుదిరాక అక్క లేచింది. తువ్వాలు భుజాన వేసుకుని, పది కిలోమీటర్ల చెమటతో, ఎవరి వేళ్ళూ తలుపు కిందకు రాకుండా చిన్నోణ్ణి బావ ఒళ్ళో పెట్టి, స్నానానికి వెళ్ళింది. నిమిషంలో బయటికి వచ్చింది.

ఆ టవర్లో నెలనెలా మొదటి ఆదివారం పై ట్యాంకు కడుగుతారు. మధ్యాహ్నం దాకా నీళ్ళు రావు. బకెట్లు ముందురోజే నింపి పెట్టుకోవాలి.